మ్యూజిక్ స్ట్రీమింగ్ సేవ పెట్టాలంటే: హక్కుల బేరం నుంచి నెలాఖరు లెక్క దాకా

స్పాటిఫై 2008 అక్టోబరులో జనం ముందుకొచ్చింది. ఏడాది మొత్తానికి లెక్క కట్టి లాభం చూపించగలిగింది మాత్రం 2024లో. ఆ ఏడాది చివరికి దానికి 26 కోట్ల మందికి పైగా చందాదారులున్నారు. అంతమంది చేత నెలనెలా డబ్బు కట్టించుకుంటున్న సంస్థే లాభం మొహం చూడ్డానికి పదహారేళ్ళు ఆగాల్సి వచ్చిందంటే, ఈ వ్యాపారంలో ఎక్కడో పెద్ద చిల్లు ఉందన్నమాట. అదెక్కడుందో తెలియకుండా దిగినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

విషయం ఏమిటంటే, ఇక్కడ సరుకు మనది కాదు. మామూలు సాఫ్ట్‌వేర్ అమ్మేవాడికి ఒకసారి తయారయ్యాక వెయ్యో మనిషికి అమ్మినా, లక్షో మనిషికి అమ్మినా అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. పాటలు వినిపించేవాడికి ఆ సుఖం లేదు. వచ్చిన ప్రతి వందలో దాదాపు డెబ్బై ఆ పాటల హక్కులున్నవాళ్ళకు పోతుంది. శ్రోతలు పదింతలైతే ఆ చెల్లింపూ పదింతలవుతుంది.

అందుకని యాప్ ఎలా కట్టాలి, రంగులు ఏం పెట్టాలి అన్నవి ఇక్కడ మొదట రావు. ముందు డబ్బు లెక్క, తర్వాత హక్కులు, ఆ తర్వాతే శ్రోత.

## మొదటి అడుగు: వంద ఎలా కరుగుతుందో కాగితం మీద వేసుకోండి

ఒక చందాదారు నెలకు 100 కడుతున్నాడనుకోండి. ఏ కరెన్సీ అయినా లెక్క ఒకటే. అందులో 70 హక్కుదారులకు. మిగిలిన 30లో కార్డు కంపెనీ, పేమెంట్ గేట్‌వే తమ కోత కోసుకుంటాయి. పాటల్ని దాచి, అడిగినప్పుడల్లా ఫోన్‌కి పంపే క్లౌడ్ బిల్లు ఉంటుంది. ఇవన్నీ పోను మిగిలినదాంట్లోంచే జీతాలు, ప్రచారం, ఆఫీసు, లాయర్లు.

ఇప్పుడు అదే మనిషి ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారా చందా కట్టాడనుకోండి. స్టోర్ కమిషన్ 30 దాకా ఉంటుంది. హక్కుదారుల 70, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, మొత్తం 100 మీద లెక్క కడతారు. డెబ్బై, ముప్పై కలిపితే వంద. మీకు సున్నా, క్లౌడ్ బిల్లు అదనం.

స్పాటిఫై నెత్తిన పడింది ఈ సమస్యే. ఒక దశలో యాపిల్ యాప్ లోపల కట్టేవాళ్ళ దగ్గర 9.99 డాలర్లకు బదులు 12.99 డాలర్లు వసూలు చేసి చూసింది, 2016లో ఆ దారినే మూసేసింది. 2019లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, 2024 మార్చిలో యాపిల్‌కు 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా పడింది. కమిషన్ పట్టుకున్న ముఖ్యమైన తప్పు, బయట ఇంతకంటే చవగ్గా దొరుకుతుందని యాప్‌లో చెప్పుకోనివ్వకపోవడం.

అంతటివాళ్ళకే అయిదేళ్ళు పట్టిన పోరాటం మీరు చెయ్యలేరు. కాబట్టి వెబ్‌లో చందా కట్టే దారి మొదటి రోజు నుంచే తెరిచి ఉంచండి. యాప్‌లోంచి వెబ్‌కు లింకు ఇవ్వచ్చా లేదా అన్న నియమాలు దేశాన్ని బట్టి మారుతున్నాయి, అవి చూసుకుంటూ ఉండే పని ఒకరికి అప్పజెప్పండి. హక్కుల ఒప్పందంలో "స్టోర్ కమిషన్ పోగా మిగిలినదాని మీద వాటా" అన్న మాట ఉందో లేదో లాయరు చేత వెతికించండి. ఆ ఒక్క మాట ఉంటే పైన లెక్కలో మీకు సున్నాకు బదులు 21 మిగులుతుంది.

## రెండో అడుగు: ఎవరి కోసం పెడుతున్నారో తేల్చుకోండి

స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, అమెజాన్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్, ఈ నాలుగింట్లోనూ పది కోట్లకు మించి పాటలున్నాయి. దాదాపు అవే పాటలు. స్పాటిఫైని పక్కన పెడితే మిగతా ముగ్గురికీ పాటల మీద లాభం రాకపోయినా ఇల్లు గడుస్తుంది. యాపిల్ ఫోన్లు అమ్ముకుంటుంది, అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం అమ్ముకుంటుంది, యూట్యూబ్‌కు ప్రకటనలున్నాయి. "అన్ని పాటలూ, అందరికీ" అంటూ వీళ్ళ ఎదురుగా నిలబడటం అంటే, నష్టానికి అమ్మినా ఫరవాలేదనుకునేవాడి పక్కన కొట్టు తెరవడమే.

అందమైన యాప్ ఉంటే చాలు అనుకునేవాళ్ళు ఆర్‌డియో కథ గుర్తు పెట్టుకోవాలి. స్కైప్ స్థాపకులే 2010లో మొదలుపెట్టారు. చూడ్డానికి, వాడ్డానికి అంత హాయిగా ఉండే సంగీత సేవ అప్పట్లో మరొకటి లేదని ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. 2015 నవంబరులో దివాలా తీసింది. పండోరా అనే ఇంటర్నెట్ రేడియో సంస్థ దాని ఆస్తుల్ని 7.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒక్క సదుపాయాన్ని నమ్ముకోవడం కూడా అంతే. సీడీకి తీసిపోని నాణ్యతతో పాట వినిపిస్తామని టైడల్ అనే సేవ ఎక్కువ ధర పెట్టింది. 2021 జూన్‌లో యాపిల్ అదే నాణ్యతను అదనపు రుసుము లేకుండా ఇచ్చేసింది.

మరి చిన్నవాళ్ళకు చోటెక్కడ? పెద్ద సేవలు సరిగ్గా పట్టించుకోని చోట. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నే చూడండి. ఒకే రచనను వందమంది వాయించి ఉంటారు. శ్రోతకు కావాల్సింది ఏ స్వరకర్త, ఏ రచన, ఏ వాద్యబృందం, దాన్ని నడిపించిన కండక్టర్ ఎవరు అని వెతికే వీలు. మామూలు యాప్‌లో "గాయకుడు, పాట, ఆల్బమ్" అనే మూడు గళ్ళే ఉంటాయి. ఆ లోటు మీదే ఇదాజియో, ప్రైమ్‌ఫోనిక్ అనే సేవలు పుట్టాయి. ప్రైమ్‌ఫోనిక్‌ను 2021లో యాపిల్ కొనేసి, 2023 మార్చిలో శాస్త్రీయ సంగీతానికి విడిగా ఒక యాప్ తెచ్చింది. పెద్దవాడు వచ్చి కొనుక్కోవడం కూడా ఒక రకం ఆదాయమే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

పిల్లల పాటలు, ఒకే భాషలోని జానపదం, డీజేలకు కావలసిన రీమిక్సులు, కచేరీ రికార్డింగులు, ఇలా ఎన్నైనా ఉన్నాయి. ఎంచుకున్నాక పరీక్ష చేసుకోవడం తేలిక. మీరనుకున్న శ్రోతల్లో పాతిక మందితో మాట్లాడి, ఇప్పుడు వాడుతున్న యాప్‌లో వెతికీ దొరకనిదేమిటో అడగండి. "అన్నీ దొరుకుతున్నాయి" అని పదిమందికి మించి అంటే ఆ గుంపును వదిలేయండి.

## మూడో అడుగు: హక్కులు

ఇక్కడే ఎక్కువ మంది తప్పులో కాలేస్తారు. ఒక పాటలో రెండు హక్కులుంటాయి. ఒకటి రికార్డింగ్‌ది, అంటే స్టూడియోలో పాడి రికార్డు చేసిన ఆ శబ్దానిది. ఇది సాధారణంగా లేబుల్, అంటే రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. రెండోది స్వరం, సాహిత్యానిది. ఇది రచయిత, స్వరకర్త, వాళ్ళ తరఫున వసూలు చేసే పబ్లిషరు లేదా రాయల్టీ సంఘం చేతిలో ఉంటుంది. లేబుల్‌తో సంతకం అయిపోయింది కదా అని పాటలు పెట్టేస్తే రెండోవాళ్ళ నుంచి నోటీసు వస్తుంది. వంద ఆదాయంలో ఇచ్చే ఆ డెబ్బైలో పెద్ద ముక్క రికార్డింగ్ వైపే పోతుంది. అయినా రెండో ముక్క కట్టకుండా పాట మోగదు. పైగా హక్కు దేశానికో తీరుగా ఉంటుంది. ఒక దేశానికి తీసుకున్నది సరిహద్దు దాటితే చెల్లదు.

యూనివర్సల్, సోనీ, వార్నర్. ప్రపంచంలోని రికార్డింగ్ సంగీతంలో సింహభాగం ఈ ముగ్గురిది. స్వతంత్ర లేబుళ్ళ తరఫున మెర్లిన్ అనే సంస్థ ఒకే ఒప్పందంతో వేలకొద్దీ లేబుళ్ళ పాటలు ఇప్పిస్తుంది. మీరెంచుకున్న గుంపుకు పెద్ద ముగ్గురి పాటలు అక్కర్లేకపోతే మీ ప్రాణం సగం హాయి. నా సలహా కూడా అదే: ఆ ముగ్గురితో పని పడని చోటు దొరికితే అక్కడ మొదలుపెట్టండి.

తప్పదనుకుంటే బేరంలో మూడు మాటలు వస్తాయి.

అడ్వాన్సు. పాటలు మోగినా మోగకపోయినా ముందే కట్టాల్సిన డబ్బు. 2011లో సోనీ మ్యూజిక్‌తో స్పాటిఫై చేసుకున్న అమెరికా ఒప్పందం 2015లో బయటపడింది. మూడేళ్ళకు కలిపి 4.25 కోట్ల డాలర్ల దాకా అడ్వాన్సు అందులో ఉంది. తర్వాత పుట్టే రాయల్టీలో దాన్ని సర్దుకుంటారు. సర్దుకునేంత రాయల్టీ పుట్టకపోతే తేడా మీరు వదులుకోవాల్సిందే.

కనీస మొత్తం. ఆదాయంలో వాటా ఇంత, లేదా ఒక్కో చందాదారుకు ఇంత, ఏది ఎక్కువైతే అది కట్టాలి అని రాస్తారు. చూడ్డానికి మామూలు మాటలా ఉంటుంది. దాని దెబ్బ డిస్కౌంటు పెట్టిన నెల తెలుస్తుంది. ఊహకు, లేబుల్‌కు ఆదాయంలో 55 శాతం లేదా తలకు 50 అని ఒప్పుకున్నారనుకోండి. పూర్తి ధర 100 ఉన్నంతకాలం 55 కడతారు. పండగ ఆఫర్ పేరుతో సగం ధరకిస్తే వచ్చేది 50, కట్టేది కూడా 50. స్వరం, సాహిత్యం వాళ్ళకు ఇచ్చేది చేతినుంచి. మూడు నెలల ఉచిత ట్రయల్ పెట్టారా, ఇక చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ట్రయల్ నెలలకు, విద్యార్థి ధరకు, కుటుంబ ప్యాకేజీకి కనీస మొత్తం తగ్గేలా ముందే రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే నవ్వుతారు.

మూడోది వాటా. డబ్బు లేని కొత్త కంపెనీని లేబుళ్ళు షేర్లు అడగడం మామూలే. స్పాటిఫై మొదట్లో ఇచ్చింది. ఇస్తే లేబుళ్ళకు మీరు బతకడం అవసరమవుతుంది, అది మంచిదే. ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం.

హక్కులు తర్వాత చూసుకోవచ్చు, ముందు జనాన్ని పోగేద్దాం అనే ఆలోచన వస్తే గ్రూవ్‌షార్క్ పేరు తలుచుకోండి. వాడేవాళ్ళు ఎక్కించిన పాటలతోనే లక్షల మందిని పోగేసింది. ఏళ్ళ తరబడి కోర్టులు తిరిగి, 2015 ఏప్రిల్ 30న క్షమాపణ చెప్పి మూసేసింది.

## నాలుగో అడుగు: పేర్లు సరిచూసుకోండి

చిన్న పనిలా కనిపిస్తుంది, పరువు తీసేది ఇదే. నేను కొన్నాళ్ళు చందా కట్టిన ఒక చిన్న సేవలో ఒకే గాయని పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఉండేది. ఒకదాన్ని నొక్కితే పదకొండు పాటలు, ఇంకోదాన్ని నొక్కితే నాలుగు. మూడోదాంట్లో ఆవిడ పాడనివి కూడా కలిశాయి. మొదట నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది, రెండో నెల చందా కట్టలేదు.

ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సీ అనే అంతర్జాతీయ కోడ్, ప్రతి రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ అనే కోడ్ ఉంటాయి. రెండూ జతపరిచి పెట్టుకోకపోతే ఎవరి పాట ఎన్నిసార్లు మోగిందో, ఎవరికెంత కట్టాలో తేలదు. లేబుళ్ళు పాటల వివరాలు పంపే పద్ధతికి డీడెక్స్ అనే ప్రమాణం ఉంది. మీ సిస్టమ్ దాన్ని చదవగలగాలి. గీత రచయిత, వాద్యకారులు, సంవత్సరం, సందర్భం, ఇవన్నీ నింపడానికి ఆ సంగీతం తెలిసిన మనుషుల్ని పెట్టుకోండి.

## అయిదో అడుగు: యాప్

దీని గురించి ఎక్కువ చెప్పను, మంచి ఇంజనీర్లకు తెలిసిన విషయాలే. నొక్కిన వెంటనే మోగాలి. ఆలస్యం కంటికి కనపడేంత ఉంటే చెడ్డ యాప్ అనేస్తారు. నెట్ బలహీనమైతే ఆగిపోకుండా నాణ్యత తగ్గించుకుని సాగిపోవాలి. డౌన్‌లోడ్ చేసుకున్నవి నెట్ లేకుండా మోగాలి, చందా ఆపేస్తే ఆగిపోవాలి. లేబుళ్ళు దీని గురించి ఒప్పందంలోనే రాస్తాయి. ఒక పాట గట్టిగా, ఒక పాట మెల్లగా వినపడకుండా శబ్దస్థాయి సమం చెయ్యాలి. కారు, స్పీకర్లు, వాచీ, టీవీ అన్నిట్లో ఒకేసారి రావాలని చూడకండి, మీ శ్రోతలు ఎక్కడ వింటారో అక్కడ బాగుంటే చాలు.

## ఆరో అడుగు: అలవాటు చెయ్యండి

శ్రోతను తేవడం ఒక ఖర్చు. తెచ్చినవాణ్ణి నిలబెట్టడం ఇంకో విద్య. మొదటి పది నిమిషాల్లో తనకు నచ్చే పాట మూడుసార్లయినా తగలకపోతే కొత్త మనిషి మళ్ళీ యాప్ తెరవడు. చేరగానే "మీకు నచ్చిన గాయకుల్ని ఎంచుకోండి" అని అడిగేది ఇందుకే. వేరే సేవలోని ప్లేలిస్టుల్ని ఒక్క నొక్కుతో ఇక్కడికి తెచ్చుకునే ఏర్పాటుంటే ఇంకా మేలు. అది లేకపోతే, ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న పాటల్ని వదిలి ఎవరొస్తారు?

పాటలు సిఫార్సు చెయ్యడానికి మూడు దారులున్నాయి. ఒకటి, మీలాంటి అభిరుచి ఉన్నవాళ్ళు ఏం వింటున్నారో చూసి చెప్పడం. దీనికి బోలెడు మంది శ్రోతలు కావాలి, కొత్త సేవకు వాళ్ళే కరువు. రెండోది, పాటనే విప్పి చూడటం. లయ, వేగం, గొంతు, వాద్యాలు. పండోరా ఒక్కో పాటను సంగీతం తెలిసిన మనిషి చేత వినిపించి, వందల గుణాలకు మార్కులు వేయించింది. ఇప్పుడు దీన్ని చాలావరకు కంప్యూటరే చేస్తుంది. మూడోది మనిషి చేత్తో కూర్చిన ప్లేలిస్ట్. చిన్న సేవకు మొదటి రెండేళ్ళు మూడోదే దిక్కు, అదేం తక్కువది కాదు కూడా. ఒక రకం సంగీతాన్ని ముప్పై ఏళ్ళుగా వింటున్న మనిషి కూర్చిన నలభై పాటల వరసలో ఉండే రుచి, ఏ లెక్కకూ అంత తేలిగ్గా చిక్కదు.

స్పాటిఫై 2015 జులైలో ప్రతి సోమవారం ఒక్కొక్కరికీ ముప్పై పాటల జాబితా ఇవ్వడం మొదలుపెట్టింది. దాని వెనక ఒక సరదా విషయం ఉంది. ఆ జాబితాలో శ్రోత ఎప్పుడూ వినని పాటలే ఉండాలని వాళ్ళ ఉద్దేశం. పరీక్షించే రోజుల్లో ఒక పొరపాటు వల్ల తెలిసిన పాటలూ కొన్ని దూరాయి. పొరపాటు సరిదిద్దితే వినడం తగ్గిపోయింది! అటూ ఇటూ తెలిసిన మొహాలుంటేనే కొత్త మొహాన్ని పలకరిస్తాం కదా, అలాంటిదే ఇదీ. నూటికి నూరుపాళ్ళు కొత్తవి పెడితే భయం, అన్నీ పాతవే పెడితే విసుగు.

ఇంకో రెండు విషయాలు ఆ ఉదాహరణలోనే ఉన్నాయి. వారంలో ఫలానా రోజున వస్తుందని తెలుసు కాబట్టి ఎదురుచూపు ఉంటుంది. ముప్పైతో అయిపోతుంది కాబట్టి పూర్తి చెయ్యాలనిపిస్తుంది. మీరు పెట్టేది ఏదైనా సరే, దానికో రోజు, ఒక హద్దు ఉండేలా చూసుకోండి.

ఏ సంకేతాన్ని నమ్మాలి అన్నది కూడా ముఖ్యం. హృదయం గుర్తు నొక్కినవాడు నిజంగా వింటాడని లేదు. అదే పాటను మళ్ళీ వెతుక్కుని వచ్చి వినడం, ప్లేలిస్టులో చేర్చుకోవడం గట్టి సంకేతాలు. మొదటి ముప్పై సెకన్లలో దాటేస్తే నచ్చలేదని అర్థం. స్పాటిఫై లెక్కలో ముప్పై సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు. అయితే నిద్రపోయే ముందు పెట్టుకుని రాత్రంతా మోగిన వాన చప్పుడు అభిరుచి కిందకు రాదు. పిల్లవాడు నాన్న ఫోన్‌లో అదే పాట అరవైసార్లు పెట్టుకుంటే మర్నాటి నుంచి నాన్నకు అన్నీ బాలగీతాలే వస్తాయి. ఇలాంటివాటిని పక్కన పెట్టే మీట ఒకటి శ్రోత చేతికివ్వండి.

ప్రచారానికి డబ్బు తక్కువుంటే, శ్రోతలే చెప్పుకునేలా చెయ్యాలి. ఏడాది చివర్లో ఎవరు ఏం విన్నారో రంగుల బొమ్మలుగా చేసి స్పాటిఫై 2016 నుంచి ఇస్తున్నది అందుకే పనికొస్తోంది. జనం అందులో పంచుకునేది యాప్ గురించి కాదు, తమ గురించి. మీ దగ్గర అంతమంది లేకపోయినా ఇది చెయ్యచ్చు, ఏడాదికొకసారే చెయ్యాలనీ లేదు.

## ఏడో అడుగు: ఉచితంగా ఎంత ఇవ్వాలి

2024 చివర్లో స్పాటిఫై వాడేవాళ్ళు 67.5 కోట్లు. అందులో అరవై శాతానికి పైగా ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్ళే. ఆ ఏడాది ఆదాయంలో ప్రకటనల వాటా మాత్రం ఎనిమిదో వంతు కూడా లేదు. ఇది చూసి ఉచితం దండగ అనుకోవడానికి లేదు. 2018లో షేర్ మార్కెట్‌కు వెళ్ళేముందు ఇచ్చిన పత్రాల్లో, కొత్తగా చేరే చందాదారుల్లో అరవై శాతానికి పైగా ఉచిత సేవ నుంచే వస్తున్నారని ఆ సంస్థ చెప్పింది. అంటే ఉచిత సేవ ప్రకటనల వ్యాపారం కన్నా ఎక్కువగా ప్రచారపు ఖర్చు. అలాగే లెక్క రాసుకోవాలి.

యాపిల్ మ్యూజిక్‌కు ఉచిత సేవ అసలు లేదు, ట్రయల్ ఒక్కటే. 2015 జూన్‌లో అది మూడు నెలల ట్రయల్‌తో మొదలవబోతూ, ఆ మూడు నెలలకు కళాకారులకు డబ్బు ఇవ్వనంది. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ బహిరంగ లేఖ రాసింది, ఒక్క రోజులో యాపిల్ మాట మార్చుకుంది. మీరు ఉచితంగా ఇస్తున్నది ఇంకొకరి కష్టం అని గుర్తు చేసిన ఘటన అది.

చిన్న సేవకు నేను చెప్పేది: హద్దుల్లేని ఉచితం వద్దు. ఒక్కో ఉచిత శ్రోతా హక్కుల ఖర్చు తెస్తాడు, ప్రకటనదారులేమో జనం లక్షల్లో ఉంటే తప్ప కన్నెత్తి చూడరు. అంతకన్నా కొన్ని ప్లేలిస్టులు, రేడియోలా మోగే ఒక ఛానల్ ఉచితంగా పెట్టి, కావలసిన పాట కావలసినప్పుడు వినడం, డౌన్‌లోడ్ చేసుకోవడం చందాలో పెట్టండి. డబ్బు అడిగే సమయం కూడా చూసుకోవాలి. చేరిన మొదటి రోజు అడిగితే విసుక్కుంటారు. తానే ఒక ప్లేలిస్ట్ చేసుకుని, దాన్ని ప్రయాణంలో వినడానికి డౌన్‌లోడ్ మీట నొక్కినప్పుడు అడగండి. అప్పుడు కారణం వాళ్ళకే తెలుసు.

## ఎనిమిదో అడుగు: ధర

అమెరికాలో స్పాటిఫై ఒక్కరి చందా 2011లో 9.99 డాలర్లు. 2023 జులై దాకా ఒక్క సెంటు పెంచలేదు. అన్నీ పెరుగుతుంటే పాటల ధర పన్నెండేళ్ళు అక్కడే ఉంది. పెంచాక జనం పారిపోతారన్న భయం నిజం కాలేదు, మరుసటి ఏడాది మళ్ళీ పెంచారు, లాభం చూసింది కూడా ఆ ఏడాదే. చవగ్గా మొదలుపెట్టి తర్వాత పెంచుదాం అనుకునేవాళ్ళు ఆ పన్నెండేళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

కుటుంబ ప్యాకేజీలో తలకు వచ్చే డబ్బు తగ్గుతుంది. కానీ ఇంట్లో నలుగురి ప్లేలిస్టులు అందులో ఉంటే ఒకరు మానేద్దామన్నా మిగతావాళ్ళు మాననివ్వరు. ఏడాది చందా కూడా అంతే, పది నెలల ధరకు పన్నెండు నెలలిచ్చినా నష్టం లేదు. విద్యార్థి ధర పెడితే చదువు అయిపోయాక పూర్తి ధరకు మారే రోజును ఇప్పుడే రాసి పెట్టుకోండి, లేకపోతే ముప్పై ఏళ్ళ విద్యార్థులు తయారవుతారు. టెలికాం కంపెనీతో కలిసి వాళ్ళ ప్లాన్‌లో మీ సేవను చేర్చడం పాత పద్ధతే, స్వీడన్‌లో తెలియా అనే టెలికాం కంపెనీతో స్పాటిఫై 2009లోనే చేసింది. ఒకేసారి వేలమంది వస్తారు. అయితే వాళ్ళు టెలికాం ఖాతాదారులు, మీవాళ్ళు కారు. ఒప్పందం ముగిసిన నెల ఎంతమంది మిగులుతారో చూశాకే సంబరపడాలి.

## తొమ్మిదో అడుగు: డెబ్బై పోని ఆదాయం వెతకండి

పాట మీద వచ్చిన ప్రతి వందలో డెబ్బై పోతుంది కాబట్టి, పాట కాని వాటి మీద వచ్చే డబ్బు విలువ ఎక్కువ.

దీన్ని అందరికంటే బాగా పట్టుకున్నది చైనాలోని టెన్సెంట్ మ్యూజిక్. 2018 డిసెంబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్‌కు వెళ్ళేనాటికే అది లాభాల్లో ఉంది. ఆదాయంలో సగానికి మించి పాటల చందా నుంచి రాలేదు. జనం ఫోన్‌లో కరోకే పాడటం, లైవ్‌లో పాడేవాళ్ళకు మిగతావాళ్ళు డబ్బు పెట్టి కొన్న, తెర మీద కనిపించే బొమ్మ కానుకలు ఇవ్వడం, వాటి మీద వచ్చింది. తర్వాత ప్రభుత్వ నియమాలు, పోటీ వల్ల ఆ పక్క తగ్గి, 2023కల్లా చందాలే పెద్దవయ్యాయి.

స్పాటిఫై పాడ్‌కాస్టుల వైపు వెళ్ళింది. 2019లో గిమ్లెట్, యాంకర్ అనే కంపెనీల్ని కొంది. తర్వాత ప్రత్యేక కార్యక్రమాల మీద భారీగా ఖర్చుపెట్టి, కొన్నేళ్ళకు వెనక్కి తగ్గింది. మాటలకు రాయల్టీ లేదన్న ఆలోచన సరైనదే, పేరున్నవాళ్ళ మాటలకు చెల్లించిన మొత్తాలే భారమయ్యాయి. మీ స్థాయిలో అయితే, మీ శ్రోతలకు ఇష్టమైన సంగీతం గురించే చిన్న ఖర్చుతో మాటల కార్యక్రమాలు చెయ్యచ్చు.

నాకు నమ్మకంగా అనిపించేది కచేరీ టికెట్లు. ఎవరు ఏ గాయకుణ్ణి నెలకు యాభైసార్లు వింటున్నారో, ఏ ఊరి నుంచి వింటున్నారో మీకు తెలుసు. నిర్వాహకుడికి ఆ సమాచారం లేదు. ఆ గాయకుడు ఆ ఊరికి వస్తున్నప్పుడు ఆ శ్రోతలకు ముందుగా టికెట్ ఇప్పించి కమిషన్ తీసుకోండి. వినైల్ రికార్డులు, టీషర్టులు, సంతకం చేసిన పోస్టర్లకూ అదే లెక్క.

ఇంకో దారి, వ్యాపారాలకు అమ్మడం. హోటళ్ళు, జిమ్ములు, షాపుల్లో మోగించడానికి మామూలు చందా చెల్లదు, బహిరంగంగా వినిపించే హక్కు వేరు. ఆ హక్కులతో కలిపి, వాళ్ళకు తగ్గ ప్లేలిస్టులు ఇచ్చే సేవకు ధర ఎక్కువ పెట్టచ్చు. పైగా వాళ్ళు ఊరికే మానెయ్యరు.

## పదో అడుగు: పంపకం, దొంగ వినికిడి

చాలా సేవల్లో డబ్బంతా ఒక కుండలో పోసి, మొత్తం వినికిళ్ళలో ఎవరి పాటలు ఎంత శాతమో అంత ఇస్తారు. ఒక శ్రోత నెలంతా ఒకే జానపద బృందాన్ని విన్నా, అతని చందాలో ఎక్కువ భాగం అతను ఎప్పుడూ వినని పెద్ద గాయకులకు పోతుంది. దీనికి బదులు ఎవరి చందా వాళ్ళు విన్నవాళ్ళకే పంచే పద్ధతి ఉంది. సౌండ్‌క్లౌడ్ అనే సేవ 2021లో స్వతంత్ర కళాకారులకు అలా మొదలుపెట్టింది. ప్రైమ్‌ఫోనిక్ సెకన్ల లెక్కన చెల్లించేది. నలభై నిమిషాల రచనకు, మూడు నిమిషాల పాటకు ఒకే ఖరీదు కట్టడం అన్యాయమని. చిన్న సేవకు ఈ పద్ధతులు మంచి ప్రచారం కూడా. మీ చందా మీరు విన్నవాళ్ళకే చేరిందని నెలాఖరున శ్రోతకు ఒక చిట్టీ పంపండి, ఆ కళాకారులే తమ అభిమానుల్ని మీ దగ్గరకు తోలుకొస్తారు.

డబ్బు కుండ ఉన్నచోట దొంగలుంటారు. కంప్యూటర్ చేత పాటలు తయారుచేయించి, దొంగ ఖాతాలతో వాటిని రాత్రింబవళ్ళు మోగించి కోటి డాలర్ల దాకా రాయల్టీ కొట్టేశాడని 2024 సెప్టెంబరులో అమెరికాలో ఒకరి మీద కేసు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో డీజర్ అనే ఫ్రాన్స్ సంగీత సేవ, తమకు రోజూ వచ్చే పాటల్లో 18 శాతం పూర్తిగా ఏఐ తయారుచేసినవేనని చెప్పింది. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం ఆపేసింది. ఆ నియమం నిజమైన చిన్న కళాకారుల్నీ దెబ్బతీసిందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. చిన్న సేవ దాన్ని అనుకరించక్కర్లేదు. ఒకే ఖాతా ఇరవై నాలుగ్గంటలూ వినడం, వందల ఖాతాలు ఒకే వరసలో ముప్పై అయిదు సెకన్లకు పాట మార్చడం, ఇలాంటివి పట్టుకునే చిన్న ప్రోగ్రాములతో మొదలుపెట్టండి. చెల్లింపు రెండు నెలలు ఆలస్యంగా ఇచ్చేలా రాసుకుంటే వెతకడానికి సమయం దొరుకుతుంది.

## పదకొండో అడుగు: ప్రతి నెలా చూడాల్సిన అంకెలు

డౌన్‌లోడ్లు ఎన్ని, ఖాతాలు ఎన్ని అన్నవి పెట్టుబడిదారులకు చూపించుకోవడానికి. మీరు చూడాల్సిన మొదటి అంకె, నెలకు వందమంది చందాదారుల్లో ఎంతమంది మానేస్తున్నారు. అయిదుగురు మానేస్తుంటే సగటున ఒక మనిషి మీ దగ్గర ఉండేది 20 నెలలు. దాన్ని రెండున్నరకు తగ్గిస్తే 40 నెలలు. కొత్తవాణ్ణి ఒక్కణ్ణి కూడా తేకుండానే ఒక్కో మనిషి విలువ రెట్టింపైంది. నెలకు తలకు 20 మిగిలితే, మొదటి సందర్భంలో ఒక చందాదారు మొత్తంగా తెచ్చేది 400, రెండోదాంట్లో 800. అతన్ని తేవడానికి ప్రచారం మీద 450 ఖర్చుపెడుతున్నారనుకోండి. మొదటి సందర్భంలో ఎంతమందిని తెస్తే అంత నష్టం.

రెండో అంకె, చందా కట్టేవాళ్ళు వారంలో ఎన్ని రోజులు వింటున్నారు. నాలుగు రోజులు వినేవాడు ఒకటికి పడిపోతే, ఒకటి రెండు నెలల్లో మానేస్తాడని అర్థం. మానేశాక పంపే "తిరిగి రండి" ఈమెయిళ్ళ కన్నా, ఆ పడిపోయిన వారంలో పంపే నాలుగు మంచి పాటలు ఎక్కువ పనిచేస్తాయి. మానేసేవాళ్ళలో కొందరు మనస్ఫూర్తిగా మానేసినవాళ్ళు కారు. కార్డు గడువు తీరిపోయి చెల్లింపు ఆగినవాళ్ళు. వెంటనే ఆపెయ్యకుండా వారం గడువిచ్చి, రెండు మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించి, కార్డు మార్చుకోమని గుర్తుచేసే ఏర్పాటు ఒక ఇంజనీరుకు కొద్ది రోజుల పని. కొత్త సదుపాయం ఏదైనా మొదలుపెట్టేముందు అది ఉందో లేదో చూసుకోండి.